తాళాల గుత్తి ఎవరి బొడ్లో?

డబ్బిచ్చి కొన్న వస్తువు మీద మనకెంత హక్కుంటుంది? ఇదీ ఒక ప్రశ్నేనా అంటారు మీరు. కొన్న చీరకి ఫాల్ కుట్టించుకుంటాం, పాతబడితే బొంత కుట్టుకుంటాం. నేసినవాళ్ళని అడిగి చేస్తామా? అద్దింట్లో గోడకి మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళ అనుమతి కావాలి గానీ, సొంతింట్లో ఎవర్నడగాలి?

సెల్‌ఫోన్ దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. అది సొంతిల్లూ కాదు, అద్దిల్లూ కాదు. వెనకటి ఉమ్మడి కుటుంబాల్లో కోడలికి ఓ గది ఇచ్చి, సామాన్ల కొట్టు తాళాలు మాత్రం అత్తగారు బొడ్లో దోపుకున్నట్టుంటుంది వ్యవహారం.

ఆపిల్ కంపెనీవారి ఐఫోన్ సంగతే చూడండి. అది 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికొచ్చింది. బయటివాళ్ళు తయారుచేసిన యాప్‌లు అందులో పెట్టుకునే వీల్లేదు. ఏదైనా చెయ్యాలనుకుంటే ఇంటర్నెట్ బ్రౌజర్‌లో నడిచేట్టు చేసుకోండన్నారు కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్. కుర్రకారు ఊరుకుంటుందా? కొద్ది వారాల్లోనే తాళం ఊడదీసి, తాము రాసుకున్న ప్రోగ్రాములు ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. ఆ పనికి వచ్చిన పేరు ‘జైల్‌బ్రేక్’, అంటే చెర విడిపించడం. కంపెనీ కళ్ళకి గోడకి కన్నంలా కనిపించింది, వాళ్ళ కళ్ళకి బందీ విడుదలలా కనిపించింది.

తమాషా ఏమిటంటే, ఆ అక్టోబరులోనే జాబ్స్‌గారు మనసు మార్చుకుని బయటివాళ్ళకీ అవకాశమిస్తామన్నారు. 2008 జూలై 10న 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరిచారు. అలాగే ఐఫోన్‌తో వీడియో తీసే సదుపాయం కంపెనీ ఇచ్చింది 2009 జూన్‌లో. తాళం తీసుకున్నవాళ్ళు 2008లోనే తీసేస్తున్నారు. ముందు కాలిబాట పడుతుంది, తర్వాత దానిమీదే రోడ్డు వేస్తారు. శిలాఫలకం మీద మాత్రం మొదట నడిచినవాళ్ళ పేర్లుండవు.

అలాగని అత్తగారి పక్షాన న్యాయం లేకపోలేదు. ఆ దుకాణంలో యాప్ పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, పరీక్షలో నెగ్గాలి, అమ్మితే 30 శాతం కంపెనీకి సమర్పించుకోవాలి అని షరతులు పెట్టారు. ఇంత కట్టుదిట్టమా అని విసుగొస్తుంది. కానీ 2009 నవంబరులో ఆస్ట్రేలియాలో, తాళం తీసిన ఐఫోన్లలోకే ఒక వైరస్ దూరింది. దూరాన్నుంచి ఫోన్లోకి రావడానికి దారి పెట్టుకున్నవాళ్ళు, అన్ని ఫోన్లకీ ఒకటే అయిన ‘ఆల్పైన్’ అనే పాస్‌వర్డు మార్చుకోలేదు. ఆ వైరస్ తెరమీద ఓ గాయకుడి బొమ్మ పెట్టి ఊరుకుంది. అంతవరకూ అల్లరే. అదే నెలలో, అదే దారిన వచ్చిన మరొకటి నెదర్లాండ్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదారుల మీద కన్నేసింది.

“నా ఫోన్, నా ఇష్టం పెద్దమ్మా!” అంటాడు మా చెల్లెలి కొడుకు. నిజమే. తన ఫోన్ తాళం తాను తీసుకోవడం దొంగతనం కాదు. న్యాయంగా సంపాదించిన ప్రోగ్రాములు నడుపుకోవడానికి అలా తియ్యడం కాపీరైటు చట్టం కింద తప్పు కాదని 2010 జూలైలో అమెరికాలోనూ మినహాయింపు ఇచ్చారు. 2024 మార్చిలో యూరప్‌లో చట్టమే ఆపిల్ చేత వేరే దుకాణాలకి తలుపు తీయించింది. కానీ ఆ తీసిన తలుపులోంచి, ఇంకొకరు రాత్రింబవళ్ళు కూచుని రాసిన యాప్‌ని డబ్బివ్వకుండా తెచ్చుకుంటే అది దొంగతనమే. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్ తాళం ఎవరికీ చెప్పకుండా తీసిపెట్టినా అన్యాయమే. సరదా ఒకరిది, నష్టం మరొకరిదీ అవుతుంది.

మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లు. వాటి తాళం అంత గట్టిది కాదు. తెలియనిచోటి నుంచి వచ్చిన యాప్‌ని పెట్టుకోమంటారా అని అడిగి, సరేనంటే పక్కకి తప్పుకుంటాయి. పెళ్ళి శుభలేఖ అని పేరుపెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపే మోసగాళ్ళు కాచుకుని కూచునేది ఆ ఒక్క “సరే” కోసమే. ఎవరి పెళ్ళో చూద్దామని నొక్కిన ఇల్లాలికి, బ్యాంకు పంపే ఓటీపీలు పరాయివాళ్ళ చేతిలో పడ్డాయని డబ్బు పోయాక గాని తెలియదు. ఆవిడకి తాను తీసింది తాళమనే తెలియదు. తెలిసి తీసుకుంటే హక్కు. తెలియనివాళ్ళ చేత తీయిస్తే వంచన. రెంటినీ ఒక గాటన కట్టి, తాళం తీసేవాళ్ళంతా దొంగలే అనడం సబబు కాదు.

తాళాల గుత్తి మన చేతికి రావాలనే నేనూ అంటాను. కాకపోతే తాళాలు చేతికొచ్చిన కోడలు, వీధి గడియా, పెరటి తలుపూ, గ్యాసూ చూసుకుని ఇంట్లో అందరికన్నా ఆఖర్న పడుకుంటుంది. అంత ఓపిక ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. లేనివాళ్ళు అత్తగారి దగ్గరే ఉంచితే నామోషీ ఏమీ లేదు. అడిగితే ఇచ్చే అత్తగారు మాత్రం ఉండాలి, కదూ!