బొంత వెల

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 9:36–42, ద్వితీయోపదేశకాండము 24:14–15



గడచిన డిసెంబరు నెలలో ఒక ఉదయమున చిక్కడపల్లిలోని మా వీధిలో ఒక స్త్రీ బొంతలు కుట్టెదనని కేకవేయుచు వచ్చెను. మా ఇంటిలో పాత నూలు చీరలు నాలుగు మూటగట్టి యుండెను. నేను ఆమెను పిలిచి వెల అడిగితిని. "చీరలు మీయి, దారం నాది. పన్నెండు వందలు ఇయ్యుండ్రి అయ్యగారూ" అనెను. "బట్ట మాదే అయినప్పుడు అంత ఎందుకమ్మా? ఎనిమిది వందలు తీసుకో" అంటిని. ఆమె రెండు మూడు మాటలాడి, వీధివైపు ఒకసారి చూచి, సరేనని కూర్చుండెను. నాలుగు వందల రూపాయలు మిగిల్చితినని నేను లోపలికి వెళ్లి ఇంటివారితో చెప్పుకొంటిని. కొనువాడు వస్తువు బాగులేదని చెప్పి, కొని వెళ్లిన పిమ్మట అతిశయపడునని సామెతలు 20:14లో చదువుచున్నాము. ఆ వచనము మీద నేను ప్రసంగము చేసియున్నాను. ఆ దినమున అది నన్నుగూర్చియే వ్రాయబడెనని నాకు తోచలేదు.

ఆమె మా వసారాలో నాలుగు దినములు పనిచేసెను. చీరలను మడతలు విప్పి ఒకదానిమీద ఒకటి పరచి, ముడుతలు లేకుండ అరచేతితో సవరించి, నాలుగు మూలల రాళ్లు పెట్టెను. చినిగినచోట మరియొక ముక్క వేసెను. చీర అంచులను వేరుచేసి చుట్టును పట్టీగా కుట్టెను. తరువాత వ్రేలికి గుడ్డపేలిక చుట్టుకొని, పెద్ద సూదితో ఆరేడు పొరలను కలిపి వరుసగా కుట్టసాగెను. సూది క్రిందికి పోయి పైకి రావలెను. మరల క్రిందికి పోవలెను. నడుము వంచి కూర్చున్నది కూర్చున్నట్లే యుండెను.

మూడవనాటి సాయంకాలము వెలుతురు తగ్గుచుండగా ఆమె నా మనుమని పిలిచి, "బిడ్డా, నాకు కండ్లు మసకలైనయి, జర గీ దారం ఎక్కియ్యి" అనెను. వాడు దారము ఎక్కించి ఇచ్చి, ప్రక్కన కూర్చుండి కుట్లు లెక్కపెట్టెను. బొంత ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. అంగుళమునకు ఒక వరుస చొప్పున 60 వరుసలు. ఒక్కొక్క వరుస 84 అంగుళములు. అంగుళమునకు మూడు కుట్లు. అన్నియు కలిపి 15,120 కుట్లు. వాడు బడిపిల్లవాడు గనుక అక్కడ ఆగలేదు. ఎనిమిది వందల రూపాయలను ఆ సంఖ్యతో భాగించి, "తాతయ్యా, కుట్టుకు అయిదు పైసలకన్న కొంచెము ఎక్కువ వచ్చుచున్నది. అయిదు పైసల బిళ్ల ఎట్లుండును?" అని అడిగెను.

నేను ఏమి చెప్పుదును? ఆ బిళ్ల వాడు పుట్టకముందే పోయినది. ఇరువదియైదు పైసలును అంతకు తక్కువైన నాణెములును 2011 జూన్ 30 తరువాత మన దేశములో చెల్లకుండ పోయెను. చెల్లని నాణెముల లెక్కన నేను ఒక మనుష్యురాలి చేతిపనిని కొనుచున్నాను. ఆమె మొదట అడిగిన పన్నెండు వందలు ఇచ్చినను కుట్టుకు ఎనిమిది పైసలు నిండవు. నాలుగు దినములకు పంచి చూడగా, నేను ఒప్పించిన కూలి దినమునకు రెండు వందలు. ఇల్లు కట్టుచోట ఇటుకలు మోయు కూలికి నేడు మన పట్టణములో ఎంత ఇచ్చుచున్నామో మీకు తెలియును.

ఆ వారములోనే అశోక్‌నగర్‌లోని ఒక వసతిగృహమునకు వెళ్లితిని. ప్రభుత్వ ఉద్యోగపు పరీక్షలకు చదువుకొనుటకు పల్లెలనుండి వచ్చిన యువకులు ఆ ప్రాంతములో ఎందరో యున్నారు. మన సంఘపు యువకుడొకడు జ్వరముతో పడియుండగా ప్రార్థన చేయబోతిని. ఇరుకైన గదిలో మంచముమీద అతడు బొంత కప్పుకొని యుండెను. అతని తల్లి కట్టి విడిచిన చీరలతో ఆమెయే కుట్టి పంపినది. "దీనికి వెల ఎంత కట్టుదువు బాబూ?" అంటిని. అతడు నవ్వి, "అయ్యగారూ, దీనికి వెల కడతారా ఎవరైనా?" అనెను. హన్నా షిలోహులోనున్న తన కుమారునికి ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయిన సంగతి (1 సమూయేలు 2:19) అతనికి చదివి వినిపించి ప్రార్థించితిని. తిరిగి వచ్చుచుండగా త్రోవలో నా మనస్సాక్షి నన్ను పట్టుకొనెను. ఆ తల్లి కుట్టినదానికి వెలలేదని ఒప్పుకొంటిని. మా వసారాలో కూర్చున్న తల్లి కుట్టినదానికి వెల తగ్గించితిని. రెండింటికిని సూది ఒక్కటే, నడుము నొప్పి ఒక్కటే. ప్రేమతో చేసినదానిని అమూల్యమందుము. కూలికి చేసినదానిని అగ్గువ చేయుదుము. మన ఇంటివారి చేతికి ఒక త్రాసు, పరుల చేతికి మరియొక త్రాసా?

నారాయణగూడ దుకాణములో మిల్లు దుప్పటి కొనునప్పుడు చీటీమీద అచ్చువేసిన వెలను మారుమాట లేక ఇచ్చెదము. యంత్రము ముందు మనకు నోరు రాదు. వాకిట నిలిచిన స్త్రీ ముందు మాత్రము మన నోరు తెరవబడును. బేరమాడుట పాపమా అని ఎవరైన అడుగవచ్చును. సరిసమానులైన ఇద్దరు మాటలాడి ఒక వెలకు వచ్చుట పాపము కాదు. అయితే ఒకడు లేచిపోగలిగి, రెండవవాడు సాయంకాలము పొయ్యి వెలిగింపవలసియున్నందున లేచిపోలేనప్పుడు, అది బేరము కాదు, బలవంతమే.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు మేడగదిలో పేతురు నొద్ద నిలిచి యేడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను చూపిరి. ఆమె ఆస్తి ఎంత అని గాని, ఆ గుడ్డ ఏపాటిదని గాని ఎవరును చెప్పలేదు. ఆమె చేతులు చేసినదానిని చేతబట్టుకొని నిలిచిరి. ప్రభువు ఆ స్త్రీని తిరిగి బ్రదికించెను. సూదిపట్టిన చెయ్యి ఆయన దృష్టికి అల్పమైనది కాదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రములో గీస్ బెండ్ అను పల్లెయు దాని పరిసరములును గలవు. అక్కడి నల్లజాతి స్త్రీలు బీదరికమువలన పాత పనిబట్టలతో బొంతలు కుట్టుకొనిరి. 1966లో ఒక క్రైస్తవ గురువు సహాయముతో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడం క్విల్టింగ్ బీ అను సహకార సంఘముగా కూడి తమ పనిని అమ్ముకొనసాగిరి. 2002లో గీస్ బెండ్ బొంతలు న్యూయార్కులోని విట్నీ చిత్రశాల గోడలకెక్కెను. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వెలువడెను. అయినను 2007లో వారిలో కొందరు తమకు రావలసిన సొమ్ము రాలేదని న్యాయస్థానమునకు వెళ్లిరి. మరుసటి యేట ఆ తగవు ముగిసెను. అందులో ఎవరిది న్యాయమో తీర్పు తీర్చుట మన పని కాదు. మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు: పొగడ్త కూలి కాదు. చేతిపనిని గోడకు వ్రేలాడదీసి మెచ్చుకొనినను, కుట్టిన చేతికి చెల్లవలసినది చెల్లక నిలిచియుండవచ్చును.

దేవుడు మోషేద్వారా ఇచ్చిన ఆజ్ఞ స్పష్టముగా నున్నది. బీద కూలివాని కూలిని ఆ దినముననే, సూర్యుడు అస్తమింపకముందే ఇయ్యవలెను. వాని ప్రాణము దానిమీద పెట్టుకొనియున్నది. ఇయ్యనియెడల వాడు పెట్టు మొర దేవుడు వినును. ఆ కూలివాడు నీ సహోదరుడైనను పరదేశియైనను ఆజ్ఞ ఒక్కటే.

నాలుగవనాడు పని ముగిసినప్పుడు నేను పన్నెండు వందలు ఆమె చేతిలో పెట్టితిని. ఆమె లెక్కపెట్టి, నాలుగు వందలు తీసి నాకు చాచి, "ఎక్కువ ఇచ్చిండ్రు అయ్యగారూ" అనెను. ఇచ్చిన మాటమీద నిలిచినది ఆమె. "ఎక్కువ కాదమ్మా, నీవు అడిగినదే, నేను తక్కువ అంటిని" అని చెప్పితిని. ఆమె డబ్బు కొంగున ముడివేసికొని, "వచ్చే యేడు కుడ్తనో లేదో, కండ్లు పోతున్నయి" అని వెళ్లెను. అప్పుడు బొంత యొక్క నిజమైన ఖర్చు నాకు తెలిసెను. దారము కాదు, బట్ట కాదు, ఆమె కన్నులు. ఆ ఖర్చును నేనిచ్చిన పన్నెండు వందలును తీర్చలేదు.

ప్రియులారా, మన యింటికి పనికి వచ్చువారిని ఈ నెలలో జ్ఞాపకము చేసికొందము. వారడిగిన కూలిని తగ్గించుటకు ముందు, ఆ పనికి ఎన్ని దినములు పట్టునో లెక్కవేయుదము. ఆ దినపు కూలి ఆ దినముననే ఇచ్చెదము. కన్ను మసకబారిన వారిని కంటి వైద్యుని యొద్దకు తీసికొనిపోయి అద్దములు ఇప్పించుట మన స్త్రీల సమాజమునకు అసాధ్యము కాదు. ఇవి దానములని చెప్పుకొనవద్దు. ఇవి మన బాకీలు.

మనమును చినిగిన పేలికలమే. ప్రభువు మనలను కొన్నప్పుడు బట్ట పాతదని వెల తగ్గించలేదు. ఆయన బేరమాడలేదు. పూర్తి వెల చెల్లించెను (1 కొరింథీయులకు 6:20). అట్లు కొనబడినవారు మరియొకరి కష్టమును అగ్గువకు కొని సంతోషింపగలరా?

ప్రార్థన: ప్రభువా, మేము మిగిల్చుకొన్న రూపాయలలో ఇతరుల కన్నుల వెలుగు కలిసియున్నదని మాకు చూపుము. చెల్లింపవలసినది సూర్యాస్తమయమునకు ముందే చెల్లించు మనస్సు మాకు దయచేయుము. ఈ చలిరాత్రులలో కప్పుకొనుటకు లేనివారిని కప్పుము. కుట్టిన చేతులను ఆశీర్వదించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.