తెలుసులే అనకు

ముదిగొండ సెంటర్లో ఆటో దిగి టీకొట్టులో అడుగు పెట్టగానే లోపల్నుంచి ఎవరో అంటారు: "నూరేళ్ల ఆయుష్షురా నీకు, ఇప్పుడే నిన్ను అనుకుంటున్నాం." అన్నం తింటూ పొలమారితే అమ్మ నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటుంది. మిరపతోటలో వదిన అనబోయిన మాట పక్క సాలులో కాయ ఏరుతున్న ఆడబిడ్డ అనేస్తుంది. "నా నోట్లో మాట లాక్కున్నావే!" అని ఇద్దరూ నవ్వుకుంటారు.

తలుచుకున్నా రాని మనిషికి మనం ఆయుష్షు పోయం, ఆ లెక్క గుర్తుండదు. వదినా ఆడబిడ్డా అంటే ఒకే ఎండ, ఒకే కూలి, ఒకే ఇంటి అప్పు. వాళ్లిద్దరికీ ఒకే మాట తట్టకపోతేనే వింత.

మనసు విప్పి చెప్పుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లినచోట ఇలా జరిగితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. 1919లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను కలవడానికి లండన్ నుంచి ఫోర్సైత్ అనే డాక్టరు వచ్చి, లోపలికి తన కార్డు పంపాడు. కాసేపటికే చికిత్సకు వచ్చిన ఒకాయనకు ఆ సంగతేమీ తెలియదు. మాటల్లో, ఒకమ్మాయి తనను సరదాగా పిలిచే పేరు చెప్పాడు. వినడానికి అది దాదాపు ఫోర్సైత్‌లాగే ఉంది. ఫ్రాయిడ్ దీన్ని ఏళ్ల తరబడి మరిచిపోలేదు. 1933లో వచ్చిన ఉపన్యాసాల పుస్తకంలో చెబుతూ, ఆలోచన మనసు నుంచి మనసుకు చేరుతుందేమోనన్న వైపే మొగ్గాడు. అయితే అసలు ముడి కూడా ఆయనే దాచకుండా రాశాడు. విదేశాల వాళ్లు రావడం మొదలవగానే నీ చికిత్స ఆపేస్తానని ఆ మనిషికి ముందే చెప్పి ఉన్నాడు. అంటే అతను రోజూ ఆ వచ్చేవాడి కోసమే గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాడు. భయపడ్డవాడి చెవి ఎంత దూరం వింటుందో మనకు తెలియనిది కాదు.

ఇదంతా మనిషికీ మనిషికీ మధ్య. ఇక దేవుడికి మొరపెట్టుకున్నవాడు మన పక్క మండలం నేలకొండపల్లివాడు, కంచెర్ల గోపన్న. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించాడని సుల్తాను తానీషా గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్లంటారు. ఆయన నమ్మిన రాముడు అంతర్యామి, అడక్కముందే ఎరిగినవాడు. మరి ఆయనకు చెప్పడమెందుకు?

గోపన్న చెప్పాడు. తహసీల్దారు కదా, ఒక కీర్తనలో పద్దు రాసినట్టే చెప్పాడు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు. ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీశాడు. ఆ కీర్తనలోనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా, ఏమనుకోకని బతిమాలుకున్నాడు. అదీ చాలక మరో కీర్తనలో, ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి ఎత్తమ్మా అని సీతమ్మను పట్టుకున్నాడు. అంతర్యామి దగ్గర సిఫారసు!

నాకు ఆ వరస ముఖ్యమనిపిస్తుంది: తిట్టు ముందు, బతిమాలడం తర్వాత. తిట్టు నోరు దాటితేగానీ దాని వెనకున్న దెబ్బల నొప్పి బయటికి రాలేదు. మొదటి పద్దు దగ్గరే రాముడు "తెలుసులే" అని ఉంటే గోపన్న అక్కడే ఆగిపోయేవాడు. రాముడు అనలేదు. చివరిదాకా విన్నాడు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా రాత్రివేళ వెళ్లి తానీషాకు పైకం కట్టి రసీదు తీసుకున్న కథ ఆ తర్వాతి సంగతి.

మంచి కౌన్సిలర్లు కూడా ఇలాగే "తెలుసులే" అనకుండా ఆగుతారు. ఎదుటివాడు చెప్పబోయేది లోపల మెరిసినా, "మీరనేది ఇదేనా?" అని అడిగి ఊరుకుంటారు. కాదంటే వదిలేస్తారు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణికి, అదే 14416కు, ఎవరైనా ఫోన్ చేస్తే అవతలివాళ్లకు మొహం కూడా కనపడదు. మాట, మాట మధ్య ఊపిరి, అంతే. ఇంట్లో మనకు మొహం కనిపిస్తుంది కాబట్టి అడగడం మానేశాం. "నువ్వేమంటావో నాకు తెలుసు" అని ఎంతమంది నోళ్లు మూయించామో! ప్రేమకొద్దీ చేసినా మూయించడం మూయించడమే.

ప్రార్థన: రామా, నీకు తెలుసు కదా అని ఊరుకోను. ఇవాళ్టి పద్దు ఇది. కల్లంలో మిర్చి ఇంకా ఆరలేదు, మబ్బు పట్టింది. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, దానికి కారణం మబ్బు కాదు. పెద్దోడు ఫోనెత్తడం లేదు. ఎందుకో నాకు తెలుసనుకుని ఇన్నాళ్లూ వాణ్ని అడగలేదు. సాయంత్రం వాడి దగ్గరికి వెళ్తున్నాను. వాడు తిట్టడం మొదలుపెడితే, మధ్యలో నన్ను మాట్లాడనివ్వకు.