తాడు ఎవరిది?

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ నా చేతిలో ఒక గుడ్డ బుట్ట పెట్టింది. నూలు తాడుకి జాకెట్టు గుడ్డల పీలికలు చుట్టి, ఆ తాడుని గుండ్రంగా తిప్పుకుంటూ, వరసకీ వరసకీ కుట్టు వేసి చేసిన బుట్ట. ‘పెన్నులేసుకో’ అంది. అమ్మ ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. కత్తిరించగా మిగిలిన ముక్కలు మంచం కింద గోనెసంచిలో ఎప్పుడూ ఉండేవి. బుట్టని చూసిన చుట్టాలందరూ ఒకటే మాట: ‘మీ అమ్మ ఏదీ పారెయ్యదు!’

పొగడ్తే. అయినా నాకెందుకో గుచ్చుకుంది.

మిగిలిన దానితో సరిపెట్టుకోవడం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సుగుణం. అందరూ తిన్నాక మిగిలిన కూర, అన్ని పనులూ అయ్యాక మిగిలిన గంట, అందరి ఖర్చులూ పోను మిగిలిన డబ్బు. దీనికి పొదుపని పేరు పెట్టి మెచ్చుకుంటారు. మిగులుని అందంగా మార్చడం నిజంగా మంచి గుణమేనా? లేక ఎప్పటికీ మిగులే చాలనుకునేలా మనకి ఇచ్చే శిక్షణా?

స్త్రీవాద విమర్శ ఈ ప్రశ్నకి ఎప్పుడో ఒక జవాబు చెప్పింది. అమెరికాలో మిరియం షపిరో, మెలిస్సా మేయర్ 1977-78లో ‘హెరెసీస్’ పత్రికలో రాసిన వ్యాసంలో, స్త్రీలు దాచిన గుడ్డముక్కలతో, పాత వస్తువులతో చేసే పనికి ‘ఫెమ్మేజ్’ అని పేరు పెట్టారు. కళాచరిత్ర పక్కకి నెట్టేసిన బొంతల్నీ అతుకుల్నీ కళగా గుర్తించమన్నారు. పిహెచ్.డి. రోజుల్లో ఆ వ్యాసం నాకెంతో బలాన్నిచ్చింది. పిల్లాడు నిద్రపోయాక దొరికే ముక్కల కాలంలో రాసుకుంటున్నదాన్ని. ముక్కలతోనే స్త్రీలు సృష్టించారనడం ధైర్యంగా ఉండేది. సెమినార్లలో ఆ మాట గర్వంగా చెప్పాను కూడా.

అమ్మ దగ్గర కూర్చుని బుట్ట కుట్టడం నేర్చుకున్నాక ఆ గర్వం కొంచెం సడలింది.

పని చూడ్డానికి తేలిక. రెండు వేళ్ళ వెడల్పున పీలికలు కత్తిరించాలి. తాడుకి ఏటవాలుగా, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా బిగించి చుట్టాలి. తాడు కొసని నత్తగుల్లలా చుట్టి మధ్యలో గట్టిగా కుట్టాలి. అక్కణ్ణుంచి ప్రతి చుట్టునీ దాని ముందు చుట్టుకి కలుపుకుంటూ పోవాలి. జిగ్‌జాగ్ కుట్టు పడే మిషన్లయితే రెండు వరసల్నీ ఇట్టే కలిపేస్తాయి. అమ్మ కాలి మిషనుకి తిన్నని కుట్టు తప్ప రాదు. అందుకని దబ్బనంతో చేత్తోనే కుడుతుంది. అడుగు కావలసినంత వెడల్పయ్యాక, తర్వాతి వరసని పక్కన కాకుండా కాస్త పైకెక్కించి కుడితే గోడ లేస్తుంది. నీళ్ళబిందె కింద నెత్తిన పెట్టుకోవడానికి అమ్మమ్మ పాత చీరతో చుట్టుకున్న చుట్టకుదురు గుర్తొచ్చింది నాకు. బరువు మొయ్యడానికి చుట్టిన గుడ్డ అది.

నాలుగు వరసలు కుట్టాక అమ్మ ఒక వరస మొత్తం విప్పేసింది. ‘ఆ పసుపు ఇక్కడ నప్పలేదు’ అంది. అరగంట పని. పొదుపే లక్ష్యమైతే ఏ రంగైనా ఒకటే కదా! ‘ఏదీ పారెయ్యదు’ అన్నవాళ్ళకి ఆ విప్పడం కనపడలేదు. అమ్మ ఎంచుకుంటుంది, కాదంటుంది, అరగంట శ్రమని వదులుకుంటుంది. ఆ బుట్టలో ఉన్నది సరిపెట్టుకోవడం కాదు, ఇష్టం.

రెండోది కూడా అమ్మే చెప్పింది. నేను అటకమీది పాత బట్టలారేసే తాడు తెస్తే పక్కన పెట్టేసింది. ‘పీలికలు ఎన్ని ముక్కలైనా పర్లేదే. తాడు మాత్రం కొత్తది, ఒకటే పొడుగుది కావాలి. పుచ్చిన తాడు మీద ఎంత మంచి గుడ్డ చుట్టినా నిలవదు’ అంది. తాడు కోసం కొట్టుకెళ్ళి డబ్బులిచ్చి కొనుక్కొచ్చింది.

అప్పుడర్థమైంది, నేను ముక్కల గురించే మాట్లాడుతూ తాడు సంగతి దాటేశానని. బుట్ట పూర్తయ్యాక తాడు కనపడదు. అందరూ పీలికల్నే మెచ్చుకుంటారు. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగింది తాడునే: ఏడాదికి 500 పౌండ్లు, తాళం వేసుకోగల ఒక గది. స్త్రీలు ముక్కల్లో కూడా రాయగలరని పొగుడుతూ ఉంటే, వాళ్ళకి ఆ తాడు ఇవ్వాల్సిన పని ఎవరికీ ఉండదు.

మరి నా తాడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫెలోషిప్పు కొంత. మిగతాది అమ్మ. నా థీసిస్ చివరి ఎనిమిది నెలలూ మిషను మూసేసి, హైదరాబాదు వచ్చి మా బాబుని చూసుకుంది. అమ్మ తిరిగి వెళ్ళేసరికి ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్ళలో చాలామంది వేరే టైలరుకి అలవాటు పడ్డారు. కొందరు మళ్ళీ రానే లేదు. పగలు మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచిన ఆవిడ పిల్లల్ని ఆ గంటల్లో ఎవరు చూశారో నేను అడగనే లేదు. నేను అతుకులేసుకున్న రాత్రుల కింద ఇద్దరు ఆడవాళ్ళ పగళ్ళున్నాయి. నావి ముక్కలే, నిజం. వాళ్ళకి మాత్రం ఆ ముక్కలైనా మిగిలాయా?

ఇంటికొచ్చి థీసిస్ తెరిచి కృతజ్ఞతల పేజీ చూశాను. గైడుకి పూర్తి పేరు, హోదా. లైబ్రేరియన్లకి పేర్లు. చివర్లో ‘మా అమ్మకి’. అంతే. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’లో ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి గురించి నేను అదే థీసిస్‌లో పేజీలకి పేజీలు రాశాను. ఇంకో ఆవిడ సంగతైతే ఆ పేజీలోనే లేదు.

ఇప్పుడు ఆ థీసిస్‌ని పుస్తకంగా వేస్తున్నాను. ముందుమాటలో ఇద్దరి పేర్లూ రాసి, ఆ ఎనిమిది నెలల లెక్క కూడా చెబుతానని అమ్మకి ఫోన్ చేశాను. ‘నా పేరెందుకే, నేనేం చేశాను?’ అంది. అది ఆవిడ వినయమా, ముప్ఫై ఏళ్ళ శిక్షణా అన్నది నాకు తేలలేదు. అమ్మ వద్దంటే రాయకుండా ఉండటం గౌరవమా, లేక ఆ వద్దు నాకు వాటంగా ఉందా?

‘తాడు కొన్న డబ్బులెంతమ్మా?’ అని మాట మార్చాను.

టక్కున చెప్పింది. లెక్క గుర్తుంది ఆవిడకి.