అటుకుల మూటంత సినిమా

ఈ మధ్య మన యువ వీక్షకులు తరచుగా అడుగుతున్న మాట ఇది: "భక్తి మీద ఓ షార్ట్ ఫిల్మ్ తీయాలనుందండీ. కానీ ఉన్నది ఫోనొక్కటే. మంచి కెమెరా కొన్నాక మొదలుపెట్టనా?"

నేనైతే కుచేలుణ్ణి గుర్తు చేసుకోమంటాను. భాగవతం దశమ స్కంధంలో ఆయన ద్వారకకి తీసుకెళ్ళింది ఓ పాత గుడ్డలో కట్టిన కాసిని అటుకులు. అక్కడి వైభవం చూశాక మూట ఇవ్వడానికి సిగ్గుపడ్డాడు. కృష్ణుడే చనువుగా లాక్కుని తిన్నాడు. కుచేలుడు సిగ్గుపడ్డాడు, నిజమే. కానీ "మంచి కానుక దొరికాకే వెళ్తాను" అని ఇంట్లో కూర్చోలేదు కదా!

మన దేశపు సినిమా మొదలైందీ ఇలాగే. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్ నుంచి కెమెరా తెచ్చుకుని, ముందుగా ఒక బఠాణీ మొక్క ఎదగడాన్ని చిన్న ఫిల్మ్‌గా తీశారు. తర్వాత 'రాజా హరిశ్చంద్ర'. తారామతిగా నటించడానికి స్త్రీలెవరూ ఒప్పుకోకపోతే, హోటల్లో పనిచేసే సాలుంకే అనే యువకుడు ఆ పాత్ర వేశాడు. యూనిట్ మొత్తానికి వండిపెట్టింది ఫాల్కేగారి భార్య సరస్వతీబాయి. 1913 మే 3న ఆ సినిమా బొంబాయిలో విడుదలైంది. సత్యవ్రతుడి కథ అలా తెరకెక్కింది.

కాబట్టి ఉన్నదాంతోనే మొదలుపెట్టండి. పొద్దున్న కిటికీ దగ్గర పడే వెలుగు చాలు. రెండోవైపు తెల్ల దుప్పటి గానీ థర్మోకోల్ షీటు గానీ పెడితే ముఖం మీద నీడ తగ్గుతుంది. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే చూడరు. అందుకే ఇంకో ఫోన్‌ని మాట్లాడేవాళ్ళ దగ్గర పెట్టి గొంతు విడిగా రికార్డ్ చేయండి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో రెండూ కలపడం తేలిక.

ఇంతవరకూ పనిముట్ల సంగతి. నాకు అసలు భయం వేరే ఉంది. అమ్మ దీపం పెడుతుంటే, "ఆగమ్మా, ఫోకస్ కుదర్లేదు, మళ్ళీ వెలిగించు" అంటాం. ఆవిడ మనసు అప్పుడే దేవుడి మీద నిలిచింది. మన టేక్ కోసం దాన్ని చెదరగొట్టాం. పూజ గురించి తీస్తూ పూజనే ఆపేస్తే, ఆ సినిమా ఎవరికి నైవేద్యం? ఆవిడ పూజ పూర్తయ్యాక అడగండి, సంతోషంగా నటిస్తుంది. లేదా దూరంగా నిలబడి, ఆవిడ అనుమతితో, ఉన్నది ఉన్నట్టు తీయండి. ఆ షాట్ కొంచెం వణికినా ఫర్వాలేదు, అందులో నిజం ఉంటుంది.

అలాగే, అప్‌లోడ్ చేశాక గంటగంటకీ వ్యూస్ లెక్కపెట్టుకోకండి. నైవేద్యం పెట్టి స్వామి ఎంత తిన్నాడో కొలిచి చూస్తామా? కుచేలుడు తనకేం కావాలో నోరు తెరిచి అడగనే లేదు. మిత్రుణ్ణి కళ్ళారా చూసిన ఆనందంతోనే ఇంటిదారి పట్టాడు.

ఈ ఆదివారం మూడు నిమిషాల కథ ఒకటి అనుకోండి. మొదట ఇంట్లోవాళ్ళకి చూపించండి. సినిమా చిన్నదని సిగ్గుపడి మూట దాచుకోకండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.