రిబ్కా వెనక ఒంటె

చదవవలసిన భాగం: ఆదికాండము 24:50–65, 35:8

అక్కను విమానం ఎక్కించడానికి బంటుమిల్లి నుంచి వెళ్లింది నేనే. బావకు ఒంట్లో బాగాలేదని ఊళ్లో చెప్పుకున్నాం. నిజానికి ఆయనకు మొహం చెల్లలేదు. వెన్నామీ రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాడు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులు తగిలి పోయాయి. లీజు బాకీ, మేత కొట్టు బాకీ, వాటి మీద వడ్డీ. అక్క కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనికి ఒప్పందమైంది.

గుడివాడలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం. విమానం రాత్రి ఎనిమిదిన్నరకు. నాలుగున్నరకల్లా శంషాబాద్‌లో ఉండమన్నాడు ఏజెంటు. పెట్టె, ఎండు రొయ్యల సంచి, గోంగూర పచ్చడి డబ్బా స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టేశాం. పగలంతా చేతిలో మిగిలింది.

"హైదరాబాదు ఎప్పుడూ చూళ్లేదు గదరా, కాస్త తిప్పు," అంది అక్క, తిరనాళ్లకు తీసుకెళ్లమన్నట్టు.

ఊరు చూడ్డం పొద్దుపుచ్చే పనని భక్తిపరులు కొందరు చిన్నచూపు చూస్తారు. మార్కు సువార్త పదకొండో అధ్యాయం పదకొండో వచనం తీయండి. ప్రభువు యెరూషలేము చేరిన రోజు దేవాలయంలో కలయదిరిగి అన్నీ చూశాడు. పొద్దుపోయిందని పన్నెండుమందినీ వెంటబెట్టుకుని బేతనియకు వెళ్లిపోయాడు. అంతే, ఇంకేమీ చేయలేదు. ఆ సాయంత్రం ఆయన కళ్లలో ఏం పడిందో మర్నాడు బల్లలు తలకిందులైనప్పుడు తెలిసింది.

మేం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాం. శుక్రవారమైతే మూసేస్తారు, మాది గురువారం. 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించినప్పుడు అది సాలార్‌జంగ్‌ల సొంత మహల్ దివాన్ దేవ్‌డీలో ఉండేది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. ఏనుగు దంతం కుర్చీలు, కత్తులు, పింగాణీ... వాటి ముందు అక్క ఎక్కువసేపు ఆగలేదు. "తుడవడానికి ఎంతమంది కావాలో," అని మాత్రం అంది. గంట కొట్టే గడియారం దగ్గర జనంతో పాటు కింద కూర్చున్నాం. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. వేళ కాగానే లోపలి నుంచి గడ్డం మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టి పోతుంది. పన్నెండుసార్లు కొట్టాడు. పిల్లలు చప్పట్లు చరిచారు. అక్క నవ్వి, "పాపం, గంటగంటకీ రావాలిగా," అంది.

తర్వాత రిబ్కా దగ్గరికి వచ్చాం. ఇటలీ శిల్పి జొవాన్ని బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్లినప్పుడు కొన్నాడు. ముఖం మీద పల్చటి ముసుగు, తడిసి అంటుకున్నట్టు. ఆ ముసుగులోంచి ముక్కు, పెదాలు, వాల్చిన రెప్పలు కనపడతాయి. ముసుగూ రాయే, ముఖమూ రాయే. ఎదుట నిలబడ్డవాళ్లు ఒక్క క్షణం మాట్లాడరు. తర్వాత ఫోన్లు తీస్తారు.

"ఎవర్రా ఈవిడ?"

"రిబ్కా. మన ఇస్సాకు భార్య."

"ఓసినీ, మన రిబ్కాయేనా!" అంది, తెలిసినావిడ సంతలో కనపడ్డట్టు. కాసేపు చూసి, "బయల్దేరేటప్పుడు ముసుగేసుకోలేదు కదా, చేరాక కదూ?" అంది. అవును. ఇస్సాకు సాయంకాలం పొలంలో ఎదురొస్తుంటే ఒంటె దిగి, అతనెవరో అడిగి, అప్పుడు ముసుగు వేసుకుంది. సండేస్కూల్లో నాకంటే అక్కకే మార్కులెక్కువ.

అక్క బొమ్మ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. ముందుకొచ్చింది. మళ్లీ వెనక్కి వెళ్లింది.

"ఈవిడతో దాది కూడా వెళ్లింది కదరా. ఆవిడ బొమ్మ చెయ్యలేదా?"

నాకు జవాబు తట్టలేదు. ఇరవై నాలుగో అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో, రెండు మూడు నేనే చెప్పాను కూడా. బావి దగ్గర ప్రార్థన, ముక్కుకమ్మి, కడియాలు, సాయంకాలపు పొలం అన్నీ చెప్పాను. యాభై తొమ్మిదో వచనంలో రిబ్కాను, ఆమె దాదిని సాగనంపారన్న సంగతి ఒక్కసారీ నోటికి రాలేదు.

ఆ అధ్యాయంలో ఇంకొకటి కూడా నేను గబగబా దాటేసేవాణ్ని. లాబాను ఇంట్లో రాత్రి మాటలయ్యాయి. అన్న, తండ్రి పిల్లనిస్తామన్నారు. అప్పటికి రిబ్కాను ఎవరూ ఏమీ అడగలేదు. తెల్లారి అబ్రాహాము దాసుడు వెంటనే పంపమన్నాడు. పది రోజులైనా ఉండనివ్వమన్నారు తల్లి, అన్న. మన వైపు కూడా ఆ మాటే అంటాం, పది రోజులుండి వెళ్లకూడదా అని. అతను ఒప్పుకోకపోతే అప్పుడు పిల్లను పిలిచి అడిగారు, ఈయనతో వెళ్తావా అని. ఆమె ఒక్క మాటలో వెళ్తానంది. హెబ్రీలో కూడా అది ఒకే పదం. ఆలస్యంగానైనా అడిగారు, ఆ ఇంటివాళ్లకు ఆ మర్యాద దక్కింది.

మా ఇంట్లో అక్క ప్రయాణం తేల్చిన రాత్రి అమ్మ, బావ, మేనమామ, ఏజెంటు, నేను కూర్చున్నాం. నెలకెంత, టికెట్టు ఎవరిది, రెండేళ్ల కాంట్రాక్టులో మధ్యలో రావచ్చా అని మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి గల్ఫ్‌కు పంపరు కాబట్టి అక్కకు ముప్పై నాలుగని ధీమాగా చెప్పింది నేనే. అక్క టీలు తెచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకెళ్లింది. వెళ్తావా అని ఎవరూ అడగలేదు. చివర్లో అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేశాం, దేవుని చిత్తమని. బాకీని దేవుని చిత్తమన్నామేమో అని ఆ బొమ్మ ముందు నిలబడ్డాక అనిపించింది.

అక్కణ్నుంచి చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడని చెప్తుంటే అక్క వినలేదు, లాడ్‌బజార్ వైపు చూస్తోంది. ఇంట్లో అమ్మ దగ్గర వదిలొచ్చిన కూతురికి గాజులు కొనాలి. కొట్టువాడు చిన్న సైజు తీస్తే వద్దంది. "ఒక సైజు పెద్దవియ్యి బాబూ," అంది. చేతికి వదులవుతాయి కదే అన్నాను. "రెండేళ్లు గదరా," అంది.

శంషాబాద్‌లో గేటు దగ్గర జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూసి అక్కను లోపలికి పంపాడు. టికెట్టు లేని నేను బయట. ట్రాలీల మధ్యే, అద్దం తలుపు తెరుచుకోకముందు, ప్రార్థన చేశాను. ఏం చేశానో గుర్తులేదు. గాజుల పొట్లం నా చేతిలో ఉంది.

రాత్రి రైల్లో నిద్ర పట్టక ఫోన్లో బైబిలు తిప్పుతుంటే ముప్పై అయిదో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోయాను. దాది అక్కడుంది. ఆవిడ పేరు దెబోరా. బేతేలుకు దిగువన సింధూర వృక్షం కింద పాతిపెట్టారు. ఆ చెట్టుకు అల్లోను బాకూత్ అని పేరొచ్చింది, ఏడుపు చెట్టని అర్థం. ఇల్లు వదిలి ఆ ఒంటె ఎక్కినప్పుడు ఆవిడకు పేరు లేదు, రిబ్కా దాది, అంతే. ఆవిణ్ని వెళ్తావా అని ఎవరూ అడిగినట్టు లేదు. తిరిగి సొంతూరు చూసిన దాఖలా లేదు. చిత్రమేమంటే రిబ్కా ఎప్పుడు, ఎలా చనిపోయిందో ఆదికాండము చెప్పదు. ఆమె సమాధి సంగతి కూడా ఎప్పుడో నలభై తొమ్మిదో అధ్యాయంలో యాకోబు చెప్తే తెలుస్తుంది. దాది చావుకు మాత్రం ఒక వచనం, ఒక చోటు, ఒక చెట్టు, ఏడ్చిన మనుషులు. ఇంటిపనికి వెళ్లిన మనిషి పేరు పరిశుద్ధాత్మ జాగ్రత్తగా దాచిపెట్టాడు. బెంజోని రిబ్కా బొమ్మను ఒకటికి మించి చెక్కాడు. దెబోరా వంతుకు రాయి రాలేదు, ఆవిడకు చెట్టుంది.

మన మందిరాల్లో ఫ్యాన్ల రెక్కల మీద పేర్లుంటాయి, చూశారా? అమెరికా నుంచి డాలర్లు పంపిన బిడ్డల పేర్లు. తిరుగుతుంటే కనపడవు, కరెంటు పోయినప్పుడు చదువుకోవచ్చు. వాళ్లిచ్చింది ప్రేమతోనే, తప్పుపట్టను. గల్ఫ్‌లో పనిచేసే ఆడవాళ్లు పంపే డబ్బు ఫ్యాను దాకా రాదు, మేత కొట్టు దగ్గరే ఆగిపోతుంది. అందుకని ప్రార్థనలో వాళ్లు "విదేశాల్లో ఉన్న మా బిడ్డలు" అనే మూటలో కలిసిపోతారు.

కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు వారానికో రోజు సెలవివ్వాలంటుంది. ఆ దేశంలో చర్చీలు నిండేది శుక్రవారం. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజలికల్ చర్చి ఆవరణలో తెలుగువాళ్ల సంఘం కూడా కూడుతుంది. సెలవు దొరికిన శుక్రవారం అక్క అక్కడికి వెళ్తుంది. దొరకని వారం ఫోన్ చేసి, ఇక్కడ ఏ పాటలు పాడామో అడుగుతుంది.

ఈ ఉదయం మీ ఊరి నుంచి అలా వెళ్లినవాళ్లను ఒక్కొక్కర్ని పేరు పెట్టి ప్రార్థించండి. పేరు తెలియకపోతే వాళ్లమ్మనడిగి తెలుసుకోండి. ఈ ఆదివారం మందిరంలో ఆ పేర్లు పైకి చదవండి. మనం పదింటికి ఆరాధనకు కూర్చునేసరికి కువైట్‌లో ఏడున్నర అవుతుంది. అక్కడ ఆదివారం బడి ఉంటుంది. అక్క ఆ వేళకు ఆ ఇంటి పిల్లలకు బూట్లు తొడిగి పంపేసి ఉంటుంది.