అన్నశుద్ధి

విదేశములందు కాపురమున్న శ్రీవైష్ణవ గృహస్థులకు నేడొక సందేహము కలుగుట సహజము. పప్పన్నము, పెరుగన్నమువలె టోఫూ కలిపిన అన్నమును పెరుమాళ్లకు ఆరగింపు చేయవచ్చునా?

నానిన సోయా గింజలను రుబ్బి, వడకట్టి, ఆ పాలను కాచి విరిచి గడ్డకట్టించిన పదార్థమే టోఫూ. ఆలయ నైవేద్యమునకు ఆగమమే ప్రమాణము గనుక అచట దీనికి తావు లేదు. గృహారాధన విషయమే విచార్యము.

శ్రీభాష్యమున భగవద్రామానుజులు వాక్యకారుని అనుసరించి అన్నమునకు మూడు దోషములను చూపిరి. వెల్లుల్లి వంటివానికి పుట్టుకతో గలది జాతిదోషము. అధర్మపరుని సొత్తగుటచే కలుగునది ఆశ్రయదోషము. ఎంగిలి, కేశాదులు సోకుటచే వచ్చునది నిమిత్తదోషము. సోయాయు కందులు, పెసలవలె కాయధాన్యమే. ఉల్లి, వెల్లుల్లి కలుపక మడితో వండినచో మొదటిదియు మూడవదియు తొలగును. ఇంటి ఆచారము అడ్డురానిచో ఆరగింపునకు బాధకము కానరాదు.

నడిమి దోషమును కడుగుటకు మాత్రము నీరు చాలదు. స్వామికి అర్పించినంతనే సర్వము శుద్ధమగునని కొందరందురు. అర్పణము దోషమును కప్పిపుచ్చు తెర కాదు. లంచపు సొమ్ముతో వండిన చక్కెరపొంగలి కంటె న్యాయార్జితమైన పిడికెడన్నము మేలు. తిరుమలలో నిత్యము కులశేఖరపడి దాటి స్వామి సన్నిధి చేరునది క్రొత్త మట్టి ఓటిలోని దద్దోజనమే గదా! పదార్థము క్రొత్తదా, పాతదా యని శంకించు గృహస్థుడు, అది ఏ సొమ్ముతో ఇల్లు చేరినదో ముందుగా విచారించుకొనవలెను.