ఖాళీ పళ్లెము

పఠన భాగములు: లూకా 2:1-7, మత్తయి 5:23, 24



క్రిస్మసు సమీపించుచున్నది. ఇంటింట పిండివంటల మాటయు, క్రొత్త బట్టల మాటయు వినబడుచున్నవి. సంతోషించుట మంచిదే. అయితే ఈ నెల మీతో దూరదేశపు క్రైస్తవుల పండుగ భోజనమును గూర్చి కొంచెము చెప్పగోరుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము మొదలుకొని 1914వ సంవత్సరపు యుద్ధము వరకు, పోలండునుండియు ఇటలీనుండియు లక్షలకొలది బీదజనులు పని వెదకుకొనుచు ఓడలెక్కి అమెరికా చేరిరి. బొగ్గు గనులలోను, కర్మాగారములలోను వారు చెమటోడ్చిరి. ఇరువురి భాష వేరు, అలవాట్లు వేరు. అయినను కాలక్రమమున వారి పిల్లలు ఒకరినొకరు వివాహమాడిరి. అట్టి కుటుంబములు నేటికిని అక్కడ గలవు. క్రిస్మసుకు ముందటి రాత్రి వారి బల్లమీద తల్లివైపు వంటలును తండ్రివైపు వంటలును ప్రక్కప్రక్కనే యుండును.

ఇటలీ దక్షిణ భాగమునుండి వచ్చినవారు ఆ రాత్రి మాంసము ముట్టక చేపలు వండుకొందురు. ఉప్పువేసి ఎండబెట్టిన కాడ్ చేపను ముందుగానే నీళ్లలో నానవేసి, నీళ్లు మార్చుచు ఉప్పు విరిచి వండుదురు. అమెరికాలో ఆ విందునకు ఏడు చేపల పండుగ అని పేరు వచ్చినది. ఏడు ఎందుకని అడిగిన ఒక్కొక్క ఇంట ఒక్కొక్క జవాబు చెప్పుదురు.

పోలండువారి ఇంటను ఆచారము ప్రకారము ఆ రాత్రి మాంసము లేదు. సాయంకాలమున ఆకాశములో మొదటి నక్షత్రము కనబడువరకు ఎవరును బల్లయొద్ద కూర్చుండరు. పిల్లలు కిటికీయొద్ద నిలిచి దానికొరకు చూచుచుందురు. బీటు దుంపల చారు, చేప, మన కజ్జికాయవలె మడిచి లోపల క్యాబేజీయు పుట్టగొడుగులును పెట్టి ఉడికించిన పియెరోగి మొదలైనవి వండుదురు. పండ్రెండుమంది అపొస్తలుల జ్ఞాపకార్థము పండ్రెండు రకములు చేయుట వాడుక.

ప్రియులారా, వీరు రోమను కతోలికులు. ఫలాని దినమున ఫలాని ఆహారము తినవలెనను నియమము మనకు లేదు. అన్నపానముల విషయమై ఎవరును మనకు తీర్పు తీర్చకూడదని అపొస్తలుడైన పౌలు కొలొస్సయి సంఘమునకు వ్రాసెను. అయినను ఆ బల్లమీద వంటలు గాక మరి మూడు వస్తువులున్నవి. వాటిని చూచి మనము నేర్చుకొనవలసినది గలదు.

మొదటిది, బల్లగుడ్డ క్రింద పరచిన పిడికెడు ఎండుగడ్డి. మన ప్రభువు పశువుల తొట్టిలో పరుండెనని అది జ్ఞాపకము చేయును. పశువులను మేపు మనకు ఆ గడ్డి వాసన క్రొత్తది కాదు. రాజులకు రాజు మన పశువులపాకవంటి చోటను పుట్టెను.

రెండవది, పిండితో చేసిన కాగితమంత పలుచని రొట్టె. క్రీస్తు జనన చిత్రము దానిమీద అచ్చువేయబడి యుండును. భోజనమునకు ముందు ఒక్కొక్కరు తమ రొట్టెను చేతబట్టుకొని, ఎదుటివానికి చాపి, అతడు ఒక ముక్క విరిచికొనగా, తామును అతని రొట్టెలో ముక్క విరిచికొని, శుభము పలికి, తప్పులు క్షమించుమని వేడుకొందురు. దూరదేశములోనున్న బంధువులకు దానిని ఉత్తరములో పెట్టి పంపుదురు.

మూడవది, ఒక ఖాళీ పళ్లెము. ఇంటివారికంటె ఒక పళ్లెము ఎక్కువ పెట్టి, దాని యెదుట ఒక ఆసనము ఖాళీగా ఉంచుదురు. అది అనుకోకుండ తలుపు తట్టు బాటసారి కొరకు. బేత్లెహేము సత్రములో మరియ యోసేపులకు స్థలము దొరకలేదు గదా! మా యింట అట్లు జరుగకూడదని ఆ పళ్లెము చెప్పుచున్నది.

ఎంత చక్కని ఆచారము! అయితే ఒక్క మాట ఆలోచించుడి. ఎన్నడును రాని బాటసారికొరకు పళ్లెము పెట్టుట సులభము. వాని మొగము మనమెరుగము, వానితో మనకు తగాదా లేదు. కాని పొలము గట్టు విషయమై మాటలు మానుకొన్న అన్న గోడ అవతలనే యున్నాడు. పెండ్లిలో జరిగిన అవమానము మరువలేని వదినె అదే గుడిలో వెనుక వరుసలో కూర్చుండుచున్నది. వారికొరకు మన యింట పళ్లెమున్నదా? సత్రపువాడు స్థలము లేదనెనని ఏటేట నాటకములో వానిని నిందించుచున్నాము. మన తలుపు మాట ఏమి?

అందుచేతనే ఆ పలుచని రొట్టెయు ఆ ఖాళీ పళ్లెమును ఒక్క బల్లమీద ఉండుట తగియున్నది. క్షమాపణ లేనిచోట ఖాళీ పళ్లెము ఉత్త అలంకారమే. బలిపీఠమునొద్ద నీ సహోదరుడు జ్ఞాపకమునకు వచ్చినయెడల, అర్పణము అక్కడనే విడిచి మొదట అతనితో సమాధానపడుమని ప్రభువు ఆజ్ఞాపించెను. అర్పణమే ఆగవలసియుండగా, మన అరిసెలు ఒక ఘడియ ఆగలేవా?

కాబట్టి ఈ క్రిస్మసుకు ముందు ఒక్క గడపకు నడిచి వెళ్లుడి. తప్పెవరిదని లెక్క చూడవద్దు. ఉత్తచేతులతో పోవుటకు సిగ్గయినచో నాలుగు అరిసెలు కొంగున కట్టుకొని పొండి. వారు తలుపు తీయకపోవచ్చును. అయినను మీ పళ్లెము పెట్టియే యుంచుడి. మనము శత్రువులమై యుండగానే దేవుడు తన కుమారుని మనయొద్దకు పంపెను. మనము పిలిచితిమని ఆయన రాలేదు, తానే వచ్చెను.

ఎమ్మాయు త్రోవలో ఇద్దరు శిష్యులు ఒక పరదేశిని బలవంతముచేసి తమతో ఉంచుకొనిరి. రొట్టె విరిచినప్పుడు ఆయన ప్రభువని వారెరిగిరి. మన యింటి బల్లయొద్దను అట్లే జరుగును గాక. ఆమేన్.